మూడు మెట్ల రాతి ఫౌంటెన్: ప్రాజెక్టు డైరీ

అనుకున్నది

పెరట్లో గోడ వారగా, మధ్యాహ్నం దాటాక నీడ పడే చోట ఒక ఫౌంటెన్ కడుతున్నాను. నీళ్ళు పైకి చిమ్మే రకం కాదు, అంచుల మీది నుంచి జారే రకం. కింద సిమెంటు తొట్టి. అందులో వెనక వైపు రాళ్ళు పేర్చిన దిమ్మె. ఆ దిమ్మె నుంచి మెట్లు మెట్లుగా ముందుకు వచ్చే మూడు నల్లరాతి (గ్రానైట్) పలకలు. పంపు నీళ్ళను పై పలక మీదికి తోస్తుంది. అవి ఒక్కో అంచూ దాటుకుంటూ తొట్టిలో పడతాయి, మళ్ళీ పైకి వెళ్తాయి.

చూడ్డానికి బాగుండాలన్నది రెండో సంగతి. నాకు ముందు కావలసింది చప్పుడు. సాయంత్రం వసారాలో కూర్చుంటే వీధి రొదను కప్పేసే నీటి చప్పుడు కావాలి. అందుకే కొలతల దగ్గర తర్జనభర్జన వచ్చిన ప్రతిసారీ చెవి చెప్పిందే ఖాయం చేసుకుంటున్నాను.

కొలతలు

నీళ్ళు ఎంత ఎత్తు నుంచి పడితే తుంపర దాదాపు అంత దూరం చిందుతుందన్నది ఫౌంటెన్లు కట్టేవాళ్ళు పాటించే లెక్క. మొత్తం ఎత్తు 75 సెంటీమీటర్లు కావాలనుకున్నాను. ఒకే దూకుడుగా పడితే చుట్టూ ముప్పావు మీటరు దాకా తడుస్తుంది, తొట్టి కూడా అంత పెద్దది కావాలి. అదే ఎత్తును 25 చొప్పున మూడు మెట్లు చేస్తే తుంపర లోపలే ఉంటుంది. పైగా మూడు చోట్ల పడే నీటికి మూడు రకాల చప్పుడు వస్తుంది.

తొట్టి లోపలి కొలత 70 × 70, లోతు 30 సెంటీమీటర్లు. నీళ్ళు 24 దాకా నింపుతాను, అంటే సుమారు 118 లీటర్లు. అన్నిటికన్నా కింది పలక అంచు నుంచి తొట్టి ముందు గోడకు 26 సెంటీమీటర్ల ఎడం ఉంచాను. ఆఖరి మెట్టు ఎత్తుకు అది సరిపోతుంది.

ఇక్కడే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. పంపు నడుస్తున్నప్పుడు కొంత నీరు పలకల మీద, పైపులో ఉండిపోతుంది. పంపు ఆపగానే అదంతా ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నా పలకలు మూడింటి మీదా కలిపి దాదాపు మూడో వంతు చదరపు మీటరు. నీటి పొర మందం 7 మిల్లీమీటర్లు అనుకుంటే, పైపులో ఉండేదాంతో కలిపి రెండున్నర లీటర్ల లోపే. నా తొట్టిలో ఒక సెంటీమీటరు ఎత్తు అంటే 4.9 లీటర్లు, కాబట్టి మట్టం అర సెంటీమీటరు పెరుగుతుంది, అంతే. చిన్న పళ్ళెంలాంటి తొట్టి పెట్టుకుంటే మాత్రం ఇదే నీరు అంచు దాటి పొర్లిపోతుంది. నడిచేటప్పుడు మట్టం మరీ దిగిపోయి పంపు గాలి పీల్చే ప్రమాదం కూడా ఉంది.

బరువు లెక్క కూడా వేశాను. తొట్టి కాంక్రీటే 270 కిలోలు దాటుతుంది. నీళ్ళు, పలకలు, దిమ్మె కలిస్తే 450 కిలోల పైమాట. గట్టి నేల మీద కాబట్టి చింత లేదు. మేడ మీదో బాల్కనీలోనో ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్ళు ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును అడిగి తీరాలి.

పోత

నేలను చదును చేసి, దిమ్మిసతో గట్టిపరిచి, పోతకు అచ్చుగా షట్టరింగ్ బిగించాను. సిమెంటు ఒకటి, ఇసుక రెండు, సన్న కంకర మూడు పాళ్ళు. నీళ్ళు వీలైనంత తక్కువ. సిమెంటు బరువులో సగానికి మించి నీరు పోస్తే కలపడం తేలికవుతుంది గానీ, ఆ ఎక్కువ నీరు ఆరిపోయాక కాంక్రీటులో సన్నటి రంధ్రాలు మిగులుతాయి. నీళ్ళు నిలవాల్సిన తొట్టికి అవే శత్రువులు. వాటర్‌ప్రూఫింగ్ ద్రావణం కలిపినా సరే, ఈ సంగతి ముందు చూసుకోవాలి.

అడుగునూ గోడలనూ ఒకే రోజు పోశాను. నిన్నటి పోతకూ ఇవాళ్టి పోతకూ మధ్య ఉండే అతుకే చాలా తొట్లలో కారే చోటు. లోపలి మూలల్ని తాపీతో గుండ్రంగా తీర్చాను, పగుళ్ళు మూలల్లోనే మొదలవుతాయి కాబట్టి. పోయకముందే రెండు పైపు ముక్కలు పెట్టాను. అడుగున ఒక మూలగా నీళ్ళు ఖాళీ చేయడానికి ఒకటి, పై అంచుకు మూడు సెంటీమీటర్ల కింద వాన నీరు పొర్లిపోవడానికి ఇంకొకటి. తొట్టి అడుగు ఖాళీ పైపు వైపు కొద్దిగా వాలుగా ఉంది.

క్యూరింగ్

తడి గోనె సంచులు కప్పి, ఎండ పడకుండా చూస్తున్నాను. కనీసం ఏడు రోజులు తడి ఆరకూడదు. పూర్తి బలం లెక్కకు 28 రోజులు తీసుకుంటారు. ఈ లోపు రాళ్ళ పని.

పలకలు

ఒక్కో పలక 35 × 30, మందం 3 సెంటీమీటర్లు, బరువు ఎనిమిదిన్నర కిలోలు. పై ముఖం గరుకుగా ఉన్నవే ఎంచుకున్నాను. నున్నటి రాయి మీద నీరు కదులుతున్నట్టే కనిపించదు. గరుకు రాయి మీద ప్రతి ఎగుడుదిగుడు దగ్గరా వెలుగు విరిగి నీటికి ఒక నడక వస్తుంది. జహంగీరు 1619లో మొదలుపెట్టించిన కశ్మీరు షాలిమార్ బాగ్ లాంటి మొగల్ తోటల్లో నీరు జారే ఏటవాలు రాళ్ళ మీద నగిషీ చెక్కింది కూడా ఇందుకే. ఆ రాళ్ళను చాదర్ అంటారు. చెక్కడాలకు తగిలిన నీరు తెల్లగా నురగలెత్తుతూ దిగుతుంది. నాకు అంత నగిషీ అవసరం లేదు, రాయి సహజంగా విరిగిన గరుకు చాలు.

పలక 30 వెడల్పున్నా నీరు 20 సెంటీమీటర్ల మేరే దూకాలి. అందుకని ముందు అంచుకు అటూ ఇటూ ఐదేసి సెంటీమీటర్ల వెడల్పున సన్న రాతి పట్టీలు ఎపాక్సీ జిగురుతో అంటించాను. పక్కల నుంచి జారిపోకుండా వాటినే చివరిదాకా పొడిగించాను.

పై పలకకు పైపు వచ్చే రంధ్రం, రాయిని గుండ్రంగా తొలిచే డైమండ్ కోర్ బిట్‌తో వేశాను. పలక కింద చెక్క ముక్క పెట్టి, నీళ్ళు ధార కడుతూ, మెల్లగా. డ్రిల్లులో హ్యామర్ మోడ్ (కొడుతూ తిరిగే పద్ధతి) అసలు వాడకూడదు, అది రాయిని రంధ్రం చివర్లో పెచ్చు లేపుతుంది. నీళ్ళు బిట్‌ను చల్లగా ఉంచడంతో పాటు రాతి పొడిని గాల్లో లేవనివ్వవు. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. తడిగా కోసినా సరే, మాస్కు తీయను.

పంపు, పైపు

పంపు డబ్బా మీద రెండు అంకెలుంటాయి: గంటకు ఎన్ని లీటర్లు, ఎంత ఎత్తు. ఆ రెండూ ఒకేసారి రావు. 2 మీటర్ల హెడ్ అంటే అంత ఎత్తుకు చేరాక ధార సున్నా అని అర్థం. 2500 లీటర్లు అంటే ఎత్తే లేనప్పుడు. మన పని ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

నీటి తెర తెగకుండా నిండుగా పడాలంటే అంచు వెడల్పులో ఒక్కో సెంటీమీటరుకు గంటకు 150 లీటర్లు కావాలని వాడుకలో ఉన్న లెక్క. నా 20 సెంటీమీటర్లకు అది 3000 లీటర్లు. అంత నీరు పడితే పెరడంతా హోరు. నాకు అందులో సగం చాలు. అందుకే 2500 లీటర్లు, 2 మీటర్ల హెడ్, 40 వాట్ల పంపు తీసుకున్నాను. రోజుకు పది గంటలు నడిచినా అర యూనిట్ కాలదు.

పైపు విషయంలో పొదుపు చూడకూడదు. అదే నీటిని ముప్పావు అంగుళానికి బదులు అర అంగుళం పైపులో తోస్తే రాపిడి వల్ల పోయే ఒత్తిడి దాదాపు ఏడున్నర రెట్లవుతుంది. పంపు సత్తా అంతా పైపు గోడలకే ఖర్చయిపోతుంది. ముప్పావు పైపే వేశాను. ఎల్బోలు (మలుపు ముక్కలు) వాడకుండా పైపును మెల్లగా వంచి పైకి తీసుకెళ్ళాను.

దిమ్మె అడుగున రెండు రాళ్ళ మధ్య చేయి దూరేంత సందు వదిలాను. పంపు అక్కడ, ఒక టైల్ ముక్క మీద కూర్చుంటుంది. అడుగున పేరుకునే మట్టిని పీల్చదు, శుభ్రం చేయాల్సి వచ్చినప్పుడు రాళ్ళు కదపకుండా బయటికి లాగొచ్చు. ఫౌంటెన్ ఎంత అందంగా కట్టినా పంపు చేతికి అందకపోతే, మొదటిసారి చెత్త అడ్డుపడిన రోజే అది మూలపడుతుంది.

కరెంటు

ఇది ఎలక్ట్రీషియన్ చేత చేయించాను. లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్, వాన తగలని మూత ఉన్న సాకెట్. వైరు సాకెట్లోకి వెళ్ళేముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్తుంది. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడిపోతుంది, సాకెట్ దాకా పోదు. నీళ్ళలో ఎక్కడా జాయింటు లేదు. పంపు ప్లగ్గు ఊడదీయకుండా ఎవరూ తొట్టిలో చేయి పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను.

తొట్టికి పరీక్ష

కొత్త సిమెంటు తొట్టిలో నీళ్ళు పోస్తే సున్నం ఊరుతుంది. పీహెచ్ (నీటి క్షారగుణం చూపే అంకె) 12 దాటుతుంది, చేపలూ మొక్కలూ బతకవు, నల్లరాయి మీద తెల్లటి చార పడుతుంది. నింపడం, రెండు మూడు రోజులు ఉంచడం, పారబోయడం, గోడలు బ్రష్షుతో రుద్దడం. పీహెచ్ పట్టీ 8 దగ్గరికి వచ్చేదాకా ఇదే పని.

ఆ నీళ్ళు ఉండగానే కారుడు కూడా చూశాను. తొట్టిలో మట్టం దగ్గర పెన్సిల్ గీత. పక్కనే ఒక బకెట్‌లో నీళ్ళు పోసి దానికీ గీత. ఇరవై నాలుగు గంటల తర్వాత రెండింట్లోనూ ఒకే మేర తగ్గింది. అంటే పోయింది ఆవిరే. తొట్టిలో మాత్రమే ఎక్కువ తగ్గి ఉంటే కారుతున్నట్టు. పంపు నడపకముందే ఈ పరీక్ష అయిపోవాలి. లేకపోతే తర్వాత నీరు తగ్గినప్పుడు తొట్టి కారుతోందా, తుంపర బయట పడుతోందా తేల్చడం కష్టం.

మొదటి నీళ్ళు

పలకల్ని అంటించకుండా ఊరికే పేర్చి, చెక్క చీలికలతో సర్ది నీళ్ళు వదిలాను. పై అంచు నుంచి వచ్చే ధారను 5 లీటర్ల బకెట్‌లో పడితే 13 సెకన్లలో నిండింది. గంటకు సుమారు 1385 లీటర్లు. అనుకున్నదానికి దగ్గరగానే ఉంది, సంతోషం.

నీళ్ళు మాత్రం దూకలేదు. అంచు దాకా వచ్చి, చివర్లో వంగి, పలక అడుగు భాగానికి అతుక్కుని వెనక్కి పాకాయి. కొంత దూరం పాకి ఎక్కడ పడితే అక్కడ చుక్కలుగా రాలాయి. ఇలా జరుగుతుందని తెలిసే పలకలు అంటించకుండా ఉంచాను. టీ కెటిల్ మెల్లగా వంచినప్పుడు టీ కప్పులో పడకుండా మూతి వెంట కిందికి కారుతుందే, అదే ఇది. దీనికి టీపాట్ ఎఫెక్ట్ అని 1956లో మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. మరుసటి ఏడాది జోసెఫ్ కెల్లర్ అనే గణిత శాస్త్రవేత్త దాని లెక్క రాశాడు. అంచు చుట్టూ వంగేటప్పుడు నీటి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా తగ్గుతుంది, దాంతో గాలే నీటిని రాతికేసి అదుముతుంది. నీటి వేగం తక్కువైనకొద్దీ, అంచు గుండ్రంగా ఉన్నకొద్దీ ఈ పట్టు ఎక్కువ.

దీనికి విరుగుడు మేస్త్రీలకు ఎప్పటి నుంచో తెలుసు. కిటికీ పైన సన్‌షేడ్ అడుగున అంచుకు కొంచెం లోపలగా ఒక గాడి ఉంటుంది, వాన నీరు గోడ దాకా పాకకుండా. అదే పని ఇక్కడా. పలకను తిరగేసి, ముందు అంచుకు ఒక సెంటీమీటరు లోపల, అడ్డంగా చివరి నుంచి చివరి దాకా డైమండ్ బ్లేడుతో గాడి కోశాను. వెడల్పు 4, లోతు 5 మిల్లీమీటర్లు. పాకుతూ వచ్చిన నీరు ఆ గాడి మొదట్లో పదునైన మూల దగ్గర వదిలేస్తుంది. ముందు అంచు కింది మూలను కూడా ఎమరీ కాగితంతో రుద్ది గుండ్రం పోగొట్టి, పదును తెచ్చాను.

మళ్ళీ నీళ్ళు వదిలాను. ఈసారి దూకింది. 20 సెంటీమీటర్ల వెడల్పున గాజు పలకలా దిగుతూ, కిందికి వచ్చేకొద్దీ రెండు పక్కల నుంచీ లోపలికి ముడుచుకుంటూ. తలతన్యత (నీటి పైపొర బిగువు) అంచుల్ని లోపలికి లాగుతుంది, అందుకే అలా ముడుచుకోవడం. అంచు దాటేముందు 7 మిల్లీమీటర్లున్న పొర 25 సెంటీమీటర్లు పడేసరికి వేగం సెకనుకు రెండు మీటర్లు దాటి, మందం ఒక మిల్లీమీటరు కన్నా తగ్గుతుంది. దాని వెనక వేలు పెడితే వేలు గీతలు కూడా కనిపిస్తున్నాయి. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

రసమట్టం

ఈ పనిలో ఎక్కువ సమయం తిన్నది ఇదే, తినాల్సింది కూడా ఇదే. పలక ముందుకు రెండు మిల్లీమీటర్లు వాలాలి, అడ్డంగా మాత్రం రవ్వంత కూడా వాలకూడదు. 7 మిల్లీమీటర్ల పొరలో ఒక పక్క 2 మిల్లీమీటర్లు ఎత్తయినా నీరంతా రెండో పక్కకు గుంపు కడుతుంది, తెర సగం తెగుతుంది. రసమట్టం దగ్గరి దాకా తీసుకొస్తుంది. ఆఖరి సర్దుబాటు నీటిని చూసే చేయాలి. కింద పలచటి స్టీలు రేకు ముక్కలు దూరుస్తూ, నీరు అంచంతా సమంగా దాటేదాకా సర్ది, అప్పుడు ఆరబెట్టి ఎపాక్సీ నింపాను.

పై పలక మీద పైపు నోటి నుంచి నీరు బుగ్గలా పైకి లేస్తోంది, దాంతో అంచు దగ్గర అలలు. రంధ్రం మీద మూడు చిన్న రాళ్ళ కాళ్ళతో ఒక చదును రాయి పెట్టాను. నీరు దానికి తగిలి నలుదిక్కులా పరుచుకుని, నెమ్మదించి అంచుకు చేరుతోంది.

చప్పుడు

పైన రెండు పలకల చప్పుడు బాగుంది, రాతి మీద పలచగా పడే చిటపట. ఆఖరిది మాత్రం తొట్టిలో లోతు నీటిలో పడి బొడబొడమంటోంది. అమ్మ వసారాలోంచి విని, "కింద బిందె నింపుతున్నట్టుందిరా, నీళ్ళు పారుతున్నట్టు లేదు" అంది. నిజమే.

నీటి చప్పుడు ఎక్కువగా నీటిది కాదు, అందులో చిక్కిన గాలి బుడగలది. 1933లో మార్సెల్ మినార్ట్ అనే, బెల్జియంలో పుట్టిన శాస్త్రవేత్త దీన్ని లెక్కగట్టాడు. నీటిలో చిక్కిన బుడగ బిగుసుకుంటూ, వదులవుతూ కంపిస్తుంది. బుడగ ఎంత పెద్దదైతే స్వరం అంత మంద్రం. 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న బుడగ సెకనుకు వెయ్యి చిల్లర సార్లు కంపిస్తుంది, 1 మిల్లీమీటరుది మూడు వేలు దాటి. లోతు నీటిలో దూకిన ధార పెద్ద బుడగల్ని కిందికి లాక్కుపోతుంది, అందుకే ఆ బొడబొడ.

కాబట్టి నీరు పడే చోటును మార్చాలి. తొట్టిలో రెండు ఇటుకల మీద ఒక చదును రాయి పెట్టి, దాని మీద గులకరాళ్ళు పరిచాను. సగం రాళ్ళు నీటిపైకి తేలేలా, సగం ఒక వేలు లోతులో. ఒక్కో రాయి జరుపుతుంటే చప్పుడు మారుతోంది. తేలిన రాళ్ళు ఎక్కువైతే చెవికి పదునుగా ఉంది, తుంపర కూడా లేస్తోంది. మునిగినవి ఎక్కువైతే మళ్ళీ బొడబొడ. ఎడమ వైపు లోతు వదిలి, కుడి వైపు రాళ్ళు పైకి తెచ్చాక రెండు స్వరాలూ కలిశాయి. దగ్గర కూర్చుని కాదు, వసారాలో కూర్చుని విని మరీ సర్దాను. వినేది అక్కడి నుంచే కదా. ఈసారి అమ్మ, "ఇక దాన్ని కదపకు" అంది.

నడుస్తున్నాక

దోమల విషయం ముందే ఆలోచించాను. గుడ్డు నుంచి దోమ కావడానికి వెచ్చటి వాతావరణంలో వారం పది రోజులు చాలు. కదిలే నీటిలో అవి గుడ్లు పెట్టవు గానీ, తొట్టి వెనక మూలల్లో నీరు దాదాపు కదలడం లేదు. పంపు పక్క నుంచి సన్న గొట్టంతో కొంచెం ధార ఆ మూలకు మళ్ళించాను. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లను నీటిలో కాకుండా నీటి మట్టానికి కాస్త పైన తడి గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికి, నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే నీళ్ళు మార్చడంతో సరిపెట్టకుండా వారానికోసారి గోడ కూడా గట్టిగా రుద్దుతున్నాను.

నల్లరాయి అంచుల దగ్గర అప్పుడే సన్నటి తెల్ల పొర. నీరు ఆవిరైపోతుంది, అందులోని ఖనిజాలు పోవు. తగ్గినంత నీరు పోస్తూ పోతే అవి ఇంకా చిక్కబడతాయి. అందుకని అప్పుడప్పుడూ అడుగు పైపు తెరిచి మొత్తం ఖాళీ చేసి కొత్త నీరు పట్టాలి. పేరుకున్న పొరకు నీళ్ళు కలిపిన వెనిగర్ సరిపోతోంది. గ్రానైట్ కాబట్టి పరవాలేదు. పాలరాయి, సున్నపురాయి వాడినవాళ్ళు ఏ ఆమ్లాన్నీ దగ్గరికి రానివ్వకూడదు, రాయినే తినేస్తుంది.

నాచు ఇంకా పెద్దగా లేదు. నీడ చోటు ఎంచుకున్నందుకు ఇది ఫలితం.

మిగిలిన పని

నీరు తగ్గినప్పుడు దానంతటదే నిండేలా ఫ్లోట్ వాల్వ్ బిగించాలి. పంపు నడుస్తున్నప్పటి మట్టానికి సరిపెడితే, ఆపినప్పుడు పైకి వచ్చే అర సెంటీమీటరుకు పొర్లు పైపు దాకా ఇంకా ఖాళీ ఉంటుంది. ఆగి ఉన్నప్పటి మట్టానికి పెడితే మాత్రం, నడిచేటప్పుడు వాల్వ్ తెరుచుకుని, ఆపగానే ఆ నీరంతా అదనమవుతుంది. కాబట్టి నడుస్తుండగానే పెట్టాలి. వాల్వ్ వెనక మూలలో, గులకరాళ్ళ అలలు తగలని చోట. బ్రాకెట్ రంధ్రాలకు గుర్తులు పెట్టేశాను. వాల్వ్ వచ్చాక బిగించి, మట్టం ఎలా నిలుస్తోందో రాస్తాను.